పొద్దుగూకే వేళ తూర్పుకు తిరుగు

చిరంజీవి సౌభాగ్యవతి చిన్నికి పెద్దమ్మ దీవించి రాసేది. ఇక్కడ అనంతపురంలో అప్పుడే ఎండలు మొదలయ్యాయి.

డెత్ వ్యాలీకి వెళ్దామనుకుంటున్నామని నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్లాను చూశాను. రెండు రోజుల్లో పద్నాలుగు చోట్లు, ఒక్కో చోట నలభై నిమిషాలు, రాత్రికి గుడారంలో నిద్ర. ఫోన్‌లోనే చెప్పేదాన్ని గానీ, నీ ఆఫీసు కాల్‌కీ పిల్లల ఈత క్లాసుకీ మధ్య ఈ మాటలు ఇమడవు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ఆ పద్నాలుగులో పది కొట్టెయ్యి. మూడు రాత్రులు ఉండేలా సెలవు పెట్టుకుని, మూడూ ఒకే క్యాంప్‌గ్రౌండ్‌లో గడుపు. ఆ పార్కు 34 లక్షల ఎకరాలు. ఎంత పరుగెత్తినా నీకు అందేది ఓ మూలే. మేం కాలిఫోర్నియాలో ఉన్నన్నాళ్ళూ చలికాలంలోనో వసంతంలోనో అక్కడికి వెళ్తూనే వచ్చాం. ఈనాటికీ నా కళ్ళ ముందు నిలిచేవన్నీ ఏదో ఒక వేళ, ఏదో ఒక చోట కదలకుండా కూర్చున్నప్పుడు దక్కినవే. ఆ ఎడారిలో ఎక్కడున్నావన్నదానికంటే ఏ వేళకు ఉన్నావన్నదే ముఖ్యం.

కాబట్టి ముందు తేదీ సంగతి. మీరు లాంగ్ వీకెండ్ చూసుకుని పెట్టారు. నేనైతే పంచాంగం చూస్తాను. ఉగాది అమావాస్య మర్నాడే కదా. దానికి ముందు మూడు నాలుగు రాత్రులు దాదాపు తెల్లవారే దాకా చంద్రుడుండడు. లోయ అడుగున పూలు పూసే కాలమూ అదే. ఉగాది మార్చిలో పడితే మరీ మంచిది. ఏప్రిల్ రెండో వారానికి జరిగితే మధ్యాహ్నాలు పిల్లలకు కష్టం. వేసవిలో మాత్రం ఎవరెన్ని చెప్పినా అక్కడ గుడారం వెయ్యొద్దు. 1913 జూలై 10న ఫర్నేస్ క్రీక్‌లో నమోదైన 56.7 డిగ్రీల సెల్సియస్సే ఇప్పటికీ ప్రపంచ రికార్డు.

మొదటి సాయంత్రం స్టవ్‌పైప్ వెల్స్ దగ్గరి మెస్కీట్ ఫ్లాట్ ఇసుక తిన్నెల మీదికి నడవండి. అక్కడ అందరూ పడమటికి తిరిగి సూర్యాస్తమయాన్ని ఫోటోలు తీసుకుంటూ ఉంటారు. నువ్వు పిల్లల్ని తీసుకుని తూర్పుకు తిరిగి కూర్చో. ముందు పడమటి కొండల నీడ లోయ అడుగున పాకుతూ వచ్చి, ఎదురుగా ఉన్న కొండల పాదాలందుకుని పైకెక్కుతుంది. శిఖరాల మీది చివరి ఎరుపు ఆరిపోగానే జనం కార్ల దగ్గరికి బయల్దేరతారు. మీరు లేవొద్దు. తూర్పు కొండల వెనక నుంచి బూడిద కలిసిన నీలి రంగు పట్టీ ఒకటి నెమ్మదిగా లేస్తుంది, దాని పైన గులాబీ అంచుతో. మబ్బేమో అనిపిస్తుంది గానీ, అది భూమి నీడ. మనం కూర్చున్న ఈ గోళం తన నీడను తన గాలి మీదే వేసుకుంటోంది. చంద్రగ్రహణం నాడు చంద్రుణ్ణి కప్పేదీ ఇదే. పది పదిహేను నిమిషాల్లో ఆ పట్టీ పైకి జరుగుతూ రాత్రిలో కలిసిపోతుంది. తెరిపిగా ఉన్న ప్రతి సాయంత్రమూ మన ఇళ్ళ వెనకా ఇది లేస్తూనే ఉంటుంది, మేడలూ పొగా అడ్డం వచ్చి మనకు కనబడదు. భూమి తిరుగుతోందని బడిలో చదువుకున్నాను గానీ, ఆ మాట ఒంటికి తెలిసింది మాత్రం ఆ తిన్నెల మీదే.

చీకటి పడ్డాక టార్చి వెలిగించకుండా అరగంట ఓపిక పట్టండి. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి ఆ మాత్రం పడుతుంది. తప్పనిసరైతే ఎర్ర వెలుగున్న టార్చి వాడండి, దాంతో చూపు చెదరదు. ఫోను తీశావా, మళ్ళీ మొదటికే. డెత్ వ్యాలీకి 2013లో అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుగా గుర్తింపు వచ్చింది. అయినా తూర్పు వైపు లాస్ వేగస్ దీపాల జీర కాస్త కనిపిస్తుంది, అందుకని పడమరకు తిరుగు. సూర్యుడు కుంగిన గంటన్నరకు అటు దిగంతం నుంచి లేత వెలుగు ఒకటి గోపురంలా, కొద్దిగా వాలి, కృత్తికల దాకా లేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఏదో ఊరి వెలుగనుకుంటారు. గ్రహాల మధ్య తేలుతున్న సన్నటి దుమ్ము మీద సూర్యకాంతి పడి వచ్చే వెలుగది. జోడియాకల్ లైట్ అంటారు. సాయంత్రం వేళ అది బాగా కనిపించేది ఈ వసంతంలోనే. వెన్నెల ఏ మాత్రం ఉన్నా మాయమైపోతుంది. అమావాస్య అమావాస్య అని నేను పోరేది అందుకే.

పిల్లలకు ధ్రువ నక్షత్రం చూపించు. ఇక్కడ మా మిద్దె మీద నుంచి చూస్తే అది పదిహేను డిగ్రీల ఎత్తున, చెట్ల కొమ్మల్లో చిక్కుకుని ఉంటుంది. అక్కడ ముప్పై ఆరు డిగ్రీల మీద నిలబడుతుంది. మరి మనకు శీతాకాలపు రాత్రుల్లో దక్షిణాన ధగధగలాడే అగస్త్యుడు అక్కడ కొండల చాటునే ఉండిపోతాడు. ఇంటి నుంచి ఎంత దూరం వచ్చేశామో ఆ ఆకాశం కొలిచి చెబుతుంది.

తెల్లవారుజామున మళ్ళీ తిన్నెల మీదికి వెళ్ళాలి, గాలి లేవకముందే, మనుషుల అడుగులు పడకముందే. రాత్రంతా అక్కడ ఏం జరిగిందో ఇసుక మీద రాసి ఉంటుంది. రెండు వెనక కాళ్ళ గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత కనిపిస్తే కంగారూ ర్యాట్ వెళ్ళిందన్నమాట. ఆ ఎలుక జన్మలో నీళ్ళు తాగకపోయినా బతుకుతుంది. తిన్న గింజలు ఒంట్లో అరిగేటప్పుడు పుట్టే నీరే దానికి చాలు. ఒకదానికొకటి తగలకుండా ఏటవాలుగా వరసగా పడిన గీతలు సైడ్‌వైండర్ పామువి. ఒంటిని పక్కకు ఎగరేసుకుంటూ పోతుంది గనక అలా పడతాయి. ఒకసారి ఎలుక అడుగులు తిన్నె అంచు దాకా వచ్చి ఠక్కున ఆగిపోయాయి, వాటికి రెండు వైపులా రెక్కల ఈకల అచ్చులు. గుడ్లగూబ పని అయి ఉంటుందన్నారు పెదనాన్న. మేమిద్దరం చాలాసేపు అక్కడే నిలబడిపోయాం. పెద్దవాణ్ణి ముందు నడవనీ, వాడే చదివి చెబుతాడు. చీకట్లో మాత్రం పిల్లల్ని చెప్పుల్లేకుండా తిప్పకు. అతినీలలోహిత కాంతినిచ్చే టార్చి ఒకటి కొని పట్టుకెళ్తే, క్యాంప్ చుట్టుపక్కల రాళ్ళ మధ్య తేళ్ళు ఆకుపచ్చగా మెరుస్తూ దొరుకుతాయి. దూరం నుంచే చూడాలని గట్టిగా చెప్పు.

2005 వసంతం గురించి మీ అమ్మకు అప్పట్లో పేజీలు పేజీలు రాశాను. ఏడాది మొత్తానికి సగటున రెండు అంగుళాలు కురిసే లోయలో ఆ శీతాకాలం ఆరు అంగుళాల పైచిలుకు పడింది. బ్యాడ్‌వాటర్ దారి పొడుగునా డెజర్ట్ గోల్డ్ పూల పసుపు, ఎంత దూరం చూస్తే అంత దూరం. ఆ విత్తనాలు ఏళ్ళ తరబడి మట్టిలో పడి ఉంటాయి. చిరుజల్లుకు మొలకెత్తితే మర్నాటి ఎండకే చచ్చిపోతాయి గదా, అందుకని మొలకను ఆపే పదార్థమేదో పైన ఉంటుంది. నేల బాగా తడిసే వాన పడితేనే అది కడుక్కుపోతుంది. అంత పూత 1998లో, 2005లో, 2016లో వచ్చింది. ఈసారి మీకు అది దక్కకపోవచ్చు. దిగులుపడకు. మామూలు ఏడాదిలోనూ వాగుల ఒడ్డున బ్రౌన్-ఐడ్ ప్రిమ్‌రోజ్ పూస్తుంది. పగలంతా ముడుచుకుని ఉండి పొద్దు వాలాక విచ్చుకునే తెల్ల పువ్వు. ఒక్క మొక్క చూసుకుని దాని ముందు కూర్చోండి. అదృష్టం ఉంటే స్ఫింక్స్ మాత్ అనే పెద్ద రెక్కల పురుగు వచ్చి, గాల్లో నిలబడే తేనె తాగిపోతుంది.

నీ లిస్టులో రేస్‌ట్రాక్ ఉంది. దాన్ని ఈసారికి వదిలెయ్యి. ఉబెహెబె క్రేటర్ దగ్గర నుంచి దాదాపు 27 మైళ్ళు పదునైన కంకర దారి, మీ కారు టైర్లు తట్టుకోవు. కానీ ఆ కథ చలిమంట దగ్గర పిల్లలకు చెప్పు. రేస్‌ట్రాక్ అనేది ఎండిన చెరువు; దాని అడుగున రాళ్ళుంటాయి, కొన్ని వందల కిలోలవి కూడా. ఒక్కోదాని వెనక నేల మీద పొడుగాటి గాడి. రాయి జరిగిందని తెలుస్తోంది, జరుగుతుండగా చూసినవాళ్ళు మాత్రం చాలాకాలం దాకా లేరు. పెనుగాలి అన్నారు, అయస్కాంతం అన్నారు, ఇంకా ఏమేమో అన్నారు. చివరికి రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్ అని వరసకు అన్నదమ్ములైన ఇద్దరు, బయటి నుంచి తెచ్చిన రాళ్ళకు జీపీఎస్ అమర్చి అక్కడ పెట్టి ఎదురుచూశారు. 2013 డిసెంబరులో వాళ్ళు వెళ్ళేసరికి చెరువులో కొద్దిపాటి నీళ్ళున్నాయి. రాత్రి చలికి పైన కిటికీ అద్దమంత మందాన మంచు కట్టింది. ఎండెక్కాక ఆ మంచు పెద్ద పెద్ద పలకలుగా విరిగి, చిన్న గాలికే కదిలి, అడుగునున్న మెత్తటి బురద మీద రాళ్ళను తోసుకుపోయింది. నిమిషానికి కొద్ది మీటర్లు, అంతే. పక్కన మరో రాయి లేకపోతే కదులుతోందని కంటికి తెలియదు. ఎన్నో ఏళ్ళ చిక్కుముడి, వేచి ఉన్నవాళ్ళకు విడిపోయింది.

ఇండియాకు వచ్చేసే ముందు, 2024 ఫిబ్రవరిలో ఆఖరిసారి వెళ్ళాం. అంతకుముందు ఆగస్టు 20న హిలరీ తుపాను ఒక్క రోజులో 2.2 అంగుళాలు కురిపించింది. ఆ ఫిబ్రవరిలో మళ్ళీ వానలు. సముద్ర మట్టానికి 282 అడుగుల దిగువన, ఎప్పుడూ తెల్లటి ఉప్పు పరిచి ఉండే బ్యాడ్‌వాటర్ అడుగున చెరువు! జనం కయాక్‌లు వేసుకుని తిరుగుతున్నారు. నీళ్ళలో 11,049 అడుగుల టెలిస్కోప్ శిఖరం, దాని మీది మంచు, తలకిందులుగా. మంచుయుగంలో అక్కడ సుమారు 600 అడుగుల లోతు సరస్సు ఉండేది. అది ఎండిపోయినప్పుడు చిక్కుబడిన చేపల వారసులు ఈనాటికీ సాల్ట్ క్రీక్‌లో ఉన్నాయి, వేలెడంత పప్‌ఫిష్‌లు. మార్చిలో గుడ్లు పెట్టే సందడిలో ఉంటాయి. ఉప్పునీటిలో, ఆ వేడిలో, అన్ని వేల ఏళ్ళు నిలబడిన ప్రాణం. పెదనాన్న ఆ చేపల్ని చూసి చేతులు జోడించారు.

ఇంత పొడి ఎందుకని పిల్లలు అడిగితే, మన జిల్లానే చెప్పు. పడమటి కనుమలు నైరుతి మబ్బుల్ని పిండుకోగా మిగిలిందే అనంతపురానికి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అక్కడ సియెరా నెవాడా, ఆ వెనక మరో రెండు వరసల కొండలు పసిఫిక్ తేమనంతా దులిపేసుకుంటాయి. ఆ లోయ వంతుకు దాదాపు 50 మిల్లీమీటర్లు. కరువు చూసిన ఇంటి పిల్లవి, ఆ నేలను జాలిగా చూడకు. అక్కడ టింబిషా షోషోన్ జాతివాళ్ళు తరతరాలుగా ఉన్నారు, ఫర్నేస్ క్రీక్‌లో ఇప్పటికీ వాళ్ళ ఊరుంది. 2000లో వచ్చిన చట్టంతో 7,700 ఎకరాల పైచిలుకు వాళ్ళ చేతికి తిరిగి వచ్చింది. మృత్యులోయ అన్న పేరు 1849లో బంగారం కోసం వెళ్తూ దారి తప్పి వచ్చినవాళ్ళ నుంచి వచ్చింది. వాళ్ళకది దాటిపోవలసిన చోటు, వీళ్ళకు ఇల్లు. టింబిషావాళ్ళ ఇళ్ళ వైపు కెమెరా ఎత్తవద్దని మీ ఆయనకు చెప్పు.

ఇక జాగ్రత్తలు. మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల నీళ్ళు, ఆ పైన కారులో మరో రెండు డబ్బాలు. పార్కులో చాలా చోట్ల ఫోను పనిచెయ్యదు, జీపీఎస్ చూపించే అడ్డదారులు నమ్మొద్దు, కాగితం మ్యాపు తీసుకో. మబ్బు పట్టిన రోజు ఇరుకు కనుమల్లోకి వెళ్ళకండి. ఎక్కడో కొండ మీద కురిసిన వాన మీ మీదికి వాగై వస్తుంది. మధ్యాహ్నం గాలి లేస్తుంది. బయటికి వెళ్ళేటప్పుడు గుడారం దించి వెళ్ళడమే మేలు. పార్కులో పుల్లలు ఏరడం నిషేధం, చలిమంటకు కట్టెలు కొనుక్కోవాలి. కొయోటీ ఎంత దీనంగా చూసినా మెతుకు వెయ్యొద్దు. మనిషి చేతి తిండికి అలవాటు పడితే రోడ్డు మీదికొచ్చి చస్తుంది. ఎండిన చెరువుల అడుగు నేల తడిసి ఉన్నప్పుడు దాని మీద అడుగు వేస్తే ఆ ముద్ర ఏళ్ళపాటు ఉండిపోతుంది.

మార్చికి టియోగా పాస్ అనే కొండదారి మంచుతో మూసే ఉంటుంది గనక బేకర్స్‌ఫీల్డ్, టెహాచపి మీదుగా వెళ్ళండి. రోడ్ల సంగతి ముందురోజు పార్కు వెబ్‌సైటులో చూసుకోండి. మేం నీకిచ్చి వచ్చిన స్లీపింగ్ బ్యాగులు ఓసారి ఎండలో వేసి, జిప్పులు పని చేస్తున్నాయో లేదో చూడు. చిన్నదానిది పొట్టిదైపోయి ఉంటుంది, దానికి కొత్తది కొను. తేదీ ఖాయమవగానే నాకు చెప్పు. తిథి నేను సరిచూసి పెడతాను.

పిల్లలకు ముద్దులు, మీ ఆయనకు ఆశీస్సులు.

మీ పెద్దమ్మ