పాఠశాల భవనానికి ప్రభుత్వ గ్రాంటు: లెక్క కట్టే విధానం

ఒక గ్రామంలో పాఠశాల గది లేవడానికి ఇటుక, ఇసుక, సిమెంటు, ఇనుము కావాలి. వీటన్నిటికంటె ముందుగా ఒక అంకె కావాలి. బడికి వచ్చే పిల్లలు ఎందరు, ఉన్న గదులు ఎన్ని, వాటిలో నిర్భయంగా కూర్చోదగినవి ఎన్ని అనే మూడు ప్రశ్నలకు వచ్చే సమాధానాల నుండి ఆ అంకె పుడుతుంది. గ్రామంలో పుట్టిన ఈ అంకె మండలానికి, జిల్లాకు, రాష్ట్ర రాజధానికి, చివరకు ఢిల్లీకి చేరుతుంది. అక్కడ ఆమోదం పొంది, ధనరూపంలో తిరిగి గ్రామానికి వస్తుంది. ఈ ప్రయాణంలో ఏ మెట్టు వద్ద ఏ లెక్క జరుగుతుందో తెలుసుకోవడం పౌరశాస్త్రం, అర్థశాస్త్రం చదివే విద్యార్థులకు ఎంతో ఉపయుక్తం.

రాజ్యాంగంలోని ఆధారం

రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు విద్య ప్రధానంగా రాష్ట్రాల జాబితాలో ఉండేది. 1976లో జరిగిన 42వ సవరణ దానిని ఉమ్మడి జాబితాలోకి మార్చింది. 2002లో జరిగిన 86వ సవరణ ద్వారా 21–ఎ అధికరణం చేరి, 6 నుండి 14 సంవత్సరాల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్య ప్రాథమిక హక్కు అయింది. దీనిని ఆచరణలో పెట్టేందుకు పార్లమెంటు 2009లో విద్యాహక్కు చట్టాన్ని ఆమోదించగా, అది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ చట్టంలోని 7వ సెక్షను నిధుల బాధ్యతను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండింటిపైన ఉంచింది. ఖర్చు అంచనాను కేంద్రం తయారుచేయాలి. అందులో తాను ఇచ్చే శాతాన్ని రాష్ట్రాలతో సంప్రదించి నిర్ణయించాలి. కేంద్రం ఇచ్చినది పోగా మిగిలిన నిధులను సమకూర్చవలసినది రాష్ట్రమే.

కాబట్టి కేంద్ర గ్రాంటు దానం కాదు. ఉమ్మడి బాధ్యతలో అది ఒక భాగస్వామి వంతు.

పథకాల పరిణామం

1986 జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి 1987–88లో నల్లబల్ల పథకం ప్రారంభమయింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు అన్ని ఋతువులలోను ఉపయోగపడే రెండు పెద్ద గదులు, వరండా, బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలన్నది దాని లక్ష్యాలలో ఒకటి. అయితే భవన నిర్మాణం రాష్ట్రాల బాధ్యతగానే ఉండి, గ్రామీణ ఉపాధి పథకాల నిధులతో సాగింది. 1994లో మొదలైన జిల్లా ప్రాథమిక విద్యా పథకంలో కేంద్రం 85 శాతం, రాష్ట్రం 15 శాతం భరించాయి.

2001లో వచ్చిన సర్వశిక్షా అభియాన్ ఈ వాటాలను మెట్టు మెట్టుగా మార్చింది. తొమ్మిదవ ప్రణాళికలో 85:15, పదవ ప్రణాళికలో 75:25 నిష్పత్తి ఉండేది. పదకొండవ ప్రణాళికలో కేంద్రం వంతును క్రమంగా సగానికి తగ్గించాలని తలచారు. కాని విద్యాహక్కు చట్టం రాగానే రాష్ట్రాలపై భారం పెరిగింది. 2010లో నిష్పత్తిని 65:35గా సవరించారు. ఆ కాలంలోనే 13వ ఆర్థిక సంఘం 2010–15 సంవత్సరాలకు ప్రాథమిక విద్య నిమిత్తం రాష్ట్రాలకు 24,068 కోట్ల రూపాయల గ్రాంటును సిఫారసు చేసింది.

2015లో మరొక మార్పు వచ్చింది. 14వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నులలో రాష్ట్రాల వంతును 32 శాతం నుండి 42 శాతానికి పెంచింది. అలా స్వేచ్ఛగా వాడుకోగల నిధులు పెరిగినందున, కేంద్ర పథకాలలో రాష్ట్రాలు ఎక్కువ భాగం భరించగలవని భావించి 60:40 నిష్పత్తిని స్థిరపరచారు. 2018–19లో సర్వశిక్షా అభియాన్‌ను, మాధ్యమిక విద్యా అభియాన్‌ను, ఉపాధ్యాయ శిక్షణ పథకాన్ని కలిపి ‘సమగ్ర శిక్ష’గా రూపొందించారు. 2021లో దానిని 2026 మార్చి వరకు కొనసాగించడానికి ఆమోదం లభించింది. ఈ వ్యాసంలోని తక్కిన లెక్క ఆ పథక నియమాల ననుసరించినది.

మొదటి మెట్టు: కావలసిన గదులు

విద్యాహక్కు చట్టపు అనుబంధం ప్రకారం ప్రతి ఉపాధ్యాయునికి ఒక తరగతి గది ఉండాలి. దీనికి అదనంగా కార్యాలయానికి, సామాను భద్రపరచడానికి, ప్రధానోపాధ్యాయునికి కలిపి ఒక గది ఉండాలి. ఉపాధ్యాయుల సంఖ్య పిల్లల సంఖ్యను బట్టి నిర్ణయమవుతుంది. ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు, 61 నుండి 90 వరకు ముగ్గురు, 91 నుండి 120 వరకు నలుగురు, 121 నుండి 200 వరకు ఐదుగురు ఉపాధ్యాయులుండాలి. పిల్లలు 150 దాటితే వీరికి తోడు ప్రధానోపాధ్యాయుడు కూడ ఉండాలి.

ఈ మెట్ల వరుసలో ఒక విశేషమున్నది. 120 మంది పిల్లలున్న బడికి నాలుగు తరగతి గదులు చాలును. 121 మంది ఉంటే ఐదు కావాలి. హాజరుపట్టీలో ఒక్క పేరు చేరడం, చేరకపోవడం ఒక గదిని నిర్ణయిస్తుంది. అందుచేతనే సంవత్సరానికొకసారి ప్రతి పాఠశాల నుండి సేకరించే యూడైస్ సమాచారానికి ఇంత ప్రాముఖ్యం. పిల్లలు, గదులు, మరుగుదొడ్లు, నీటి వసతి, ప్రహరీగోడ, వికలాంగ బాలలకు వాలుదారి మొదలైన వివరాలన్నీ అందులో నమోదవుతాయి.

కావలసిన గదుల నుండి ఉన్న గదులను తీసివేయగా మిగిలినది లోటు. ఇక్కడ ‘ఉన్న గది’ అంటే ఉపయోగించదగిన గది అనే అర్థం. పెచ్చులూడి, కడ్డీలు బయటపడిన గదిని ఇంజనీరు పరీక్షించి, శిథిలమైనదని ధ్రువపరచనంతవరకు అది కాగితంపై గదిగానే లెక్కకు వస్తుంది. ఆ పరీక్ష జరగకపోతే రెండు విధాల నష్టం: కొత్త గది మంజూరు కాదు, పిల్లలు పాత గదిలోనే కూర్చోవలసి వస్తుంది. తమిళనాడులోని కుంభకోణంలో 2004 జులై 16న ఒక పాఠశాల అగ్నికి ఆహుతి కాగా 94 మంది పిల్లలు మరణించారు. పాకకప్పు క్రింద, ఇరుకు గదులలో పిల్లలను కూర్చోబెట్టిన ఫలితమది. ఆ దుర్ఘటన తరువాత సాగిన వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు, విద్యాహక్కులో సురక్షితమైన బడి కూడ ఇమిడి ఉన్నదని స్పష్టం చేసింది. లోటు లెక్కలో తప్పు కేవలం లెక్క తప్పు కాదని దీనివల్ల తెలుస్తుంది.

రెండవ మెట్టు: ఒక గది ధర

గదుల సంఖ్య తేలిన తరువాత ఒక్కొక్క గదికి అయ్యే వ్యయాన్ని అంచనా వేస్తారు. దీనికి ఆధారం ప్రతి రాష్ట్రమూ ప్రకటించే రేట్ల పట్టిక. పునాది త్రవ్వకం, కాంక్రీటు, గోడ కట్టుబడి, తలుపులు, సున్నం వరకు ఒక్కొక్క పనికి అందులో రేటు ఉంటుంది. ఇసుక, కంకర తెచ్చే దూరాన్ని ఇంజనీర్లు ‘లీడు’ అంటారు. దూరం పెరిగిన కొద్దీ రేటు పెరుగుతుంది.

దేశమంతటికీ ఒకే ధర నిర్ణయించడం ఎందుకు సాధ్యం కాదో ఇక్కడ అర్థమవుతుంది. కృష్ణా డెల్టాలోని నల్లరేగడి నేల పునాదికి ఎక్కువ లోతు కోరుతుంది. గుజరాత్‌లోని కచ్ ప్రాంతం, ఈశాన్య రాష్ట్రాలు భూకంప ప్రమాదం తీవ్రంగా ఉన్న మండలంలో ఉన్నందున గోడలలో అదనపు ఇనుము తప్పనిసరి. లదాఖ్‌లో సంవత్సరంలో కొన్ని నెలలు మాత్రమే కట్టడం సాధ్యం. 1999 నాటి పెనుతుఫాను తరువాత ఒడిశా తీరంలో పాఠశాలగాను, తుఫాను రక్షణ భవనంగాను ఉపయోగపడే కట్టడాలు లేచాయి. గది కొలత ఒక్కటే అయినా నేల వేరు, గాలి వేరు, ధర వేరు.

మూడవ మెట్టు: ఎవరి వాటా ఎంత?

సమగ్ర శిక్షలో వాటాలు మూడు తరగతులు. ఎనిమిది ఈశాన్య రాష్ట్రాలకు, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ రాష్ట్రాలకు, జమ్మూ కాశ్మీరుకు కేంద్రం 90 శాతం ఇస్తుంది. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతాలలో మొత్తం వ్యయాన్ని కేంద్రమే భరిస్తుంది. తక్కిన రాష్ట్రాలకు, శాసనసభ గల కేంద్రపాలిత ప్రాంతాలకు కేంద్రం 60 శాతం ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ఈ చివరి తరగతిలోనివి. కాకినాడకు చేరువనున్న తెలుగు పట్టణం యానాం పుదుచ్చేరిలో భాగం. దానికి వర్తించేది కూడ 60:40 నిష్పత్తియే.

ఒక ఉదాహరణ

లెక్క సులభంగా బోధపడేందుకు ఒక ఊహాజనిత పాఠశాలను తీసుకుందాం. పిల్లలు 128 మంది. నియమం ప్రకారం ఐదు తరగతి గదులు కావాలి. ఉన్నవి నాలుగు, అందులో ఒకటి శిథిలమైనదని ఇంజనీరు ధ్రువపరచాడు. మిగిలినవి మూడు కనుక లోటు రెండు గదులు. ఒక గది అంచనా 10 లక్షల రూపాయలు అనుకుంటే మొత్తం 20 లక్షలు. 60:40 నిష్పత్తిలో కేంద్రం వంతు 12 లక్షలు, రాష్ట్రం వంతు 8 లక్షలు.

ఇదే పాఠశాల ఉత్తరాఖండ్ కొండలలో ఉన్నదనుకుందాం. రవాణా భారం వల్ల గది ధర 13 లక్షలైతే మొత్తం 26 లక్షలు. కేంద్రం వంతు 23 లక్షల 40 వేలు. రాష్ట్రం భరించవలసినది 2 లక్షల 60 వేలు మాత్రమే. ధర ఎక్కువైనా రాష్ట్రంపై భారం తగ్గింది. సొంత ఆదాయ వనరులు తక్కువగా ఉండి, కట్టుబడి కష్టతరమైన ప్రాంతాల పిల్లలు వెనుకబడరాదనే ఆశయం ఈ అంకెలలో కనిపిస్తుంది.

ఇప్పుడు మొదటి పాఠశాలకే తిరిగి వద్దాం. పని ఆలస్యమై వ్యయం 23 లక్షలకు పెరిగినదనుకుందాం. నిష్పత్తి వర్తించేది ఆమోదించిన మొత్తానికే గాని, అయిన ఖర్చుకు కాదు. అదనపు 3 లక్షలు రాష్ట్రంపై పడితే దాని వంతు 11 లక్షలు, అనగా దాదాపు 48 శాతం అవుతుంది. ఆలస్యానికి ఉన్న ధర ఇది.

ఆమోదం, విడుదల

జిల్లాల లోటు లెక్కలను క్రోడీకరించి రాష్ట్రం వార్షిక కార్యప్రణాళికను, బడ్జెటును తయారుచేస్తుంది. కేంద్ర విద్యాశాఖలోని ప్రాజెక్టు ఆమోద మండలి దానిని పరిశీలిస్తుంది. అడిగినదంతా మంజూరవుతుందనే నియమం లేదు. గత సంవత్సరాలలో మంజూరైన గదులు పూర్తయినవా, వాటి నిధులకు వినియోగ ధ్రువపత్రాలు అందినవా అన్న ప్రశ్నలు ముందుగా వస్తాయి. ఆమోదం తరువాత కూడ డబ్బు ఒకేసారి రాదు; వాయిదాలలో వస్తుంది. రాష్ట్రం తన వాటాను జమచేసి, ఖర్చు చూపితేనే తదుపరి వాయిదా విడుదలవుతుంది.

సర్వశిక్షా అభియాన్ కాలం నుండి చిన్న నిర్మాణాలను గుత్తేదారులకు కాక గ్రామ విద్యాసంఘాలకు, తరువాత పాఠశాల యాజమాన్య సంఘాలకు అప్పగించే పద్ధతి అమలులోకి వచ్చింది. చట్టం ప్రకారం ఈ సంఘంలో నాలుగింట మూడువంతుల మంది తల్లిదండ్రులు. సభ్యులలో సగం మంది స్త్రీలు. తన బిడ్డ కూర్చునే గదికి సిమెంటు పాలు ఎంత పడినదో గమనించే కన్ను తల్లి కన్నే. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రారంభించిన ‘మన బడి నాడు–నేడు’ కార్యక్రమంలో కూడ పనులను తల్లిదండ్రుల సంఘాల ద్వారా చేయించారు.

సూత్రానికి అందనివి

ఈ విధానంలో లోపాలు లేకపోలేదు. లోటు ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఎక్కువ గదులు అడగాలి. ఎక్కువ గదులకు ఎక్కువ సొంత వాటా చూపాలి. ఖజానాలో ధనం లేక తన 40 రూపాయలు చూపలేని రాష్ట్రం, కేంద్రం ఇవ్వగల 60 రూపాయలను కూడ పొందలేదు. హిమాలయ ప్రాంతాలకు ఇచ్చిన వెసులుబాటు మైదానంలోని పేద రాష్ట్రాలకు లేదు. రెండవది, పిల్లల సంఖ్యపై ఆధారపడిన సూత్రం చిన్న ఆవాసాలకు అనుకూలం కాదు. గిరిజన గూడెంలోని 20 మంది పిల్లల బడికి లెక్క ప్రకారం వచ్చే గదులు తక్కువే; అక్కడికి సామగ్రి మోసుకుపోయే శ్రమ మాత్రం ఎక్కువ. బడి సరిగా లేనందున పిల్లలు రాకపోవడం, పిల్లలు లేనందున గది రాకపోవడం అనే విషవలయం ఇలాంటి చోట్లనే ఏర్పడుతుంది.

కట్టిన గదిని కాపాడుకోవడం మరొక సమస్య. 2021 తరువాతి నియమాల ప్రకారం వార్షిక పాఠశాల గ్రాంటు 30 మంది వరకు పిల్లలుంటే 10 వేలు, 100 వరకు 25 వేలు, 250 వరకు 50 వేలు, 1,000 వరకు 75 వేలు, అంతకు మించితే లక్ష రూపాయలు. సున్నం, చిన్న మరమ్మతు, పరిశుభ్రత, బోధనోపకరణాలు అన్నీ ఇందులోనే జరగాలి. సకాలంలో కప్పు మరమ్మతు కాని గది కొన్ని వర్షాకాలాల తరువాత తిరిగి ‘లోటు’ పట్టికలోకి చేరుతుంది.

సూత్రం ఎంత చక్కనిదైనా, అది నమ్ముకున్నది గ్రామం నుండి వచ్చే సత్యమైన అంకెను. యూడైస్ పత్రాన్ని నింపే ఉపాధ్యాయుడు, శిథిల గదిని పరీక్షించే ఇంజనీరు, సమావేశంలో లెక్క అడిగే తల్లి తమ తమ పని నిజాయితీగా చేసినప్పుడే తవాంగ్ కొండల బాలికకు, భద్రాచలం మన్యంలోని బాలునికి ఒకే విధమైన నీడ లభిస్తుంది. దేశసమైక్యత గ్రంథాలలో చదివే భావన మాత్రమే కాదు. సమానంగా పంచుకున్న బాధ్యతలో అది కంటికి కనబడుతుంది.

అభ్యాసం

1. ఒక ప్రాథమిక పాఠశాలలో 95 మంది పిల్లలు, ఉపయోగించదగిన రెండు తరగతి గదులు ఉన్నాయి. గదుల లోటు ఎంత?
2. ఒక గది అంచనా 12 లక్షల రూపాయలైతే, ఆ లోటును తీర్చడానికి తెలంగాణలోను, హిమాచల్ ప్రదేశ్‌లోను రాష్ట్ర వాటా ఎంతెంత?
3. మీ గ్రామంలోని లేదా వార్డులోని ప్రభుత్వ పాఠశాల గదులను, పిల్లల సంఖ్యను తెలుసుకొని లోటు లెక్క కట్టండి.