పేరు ప్రతిష్ఠలు – అంతర్జాలం

“కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేము” అన్నది పెద్దల మాట. పూర్వం నోరు జారిన మాట విన్నవారి మధ్యనే ఉండేది. కొన్నాళ్ళకు వారూ దానిని మరచిపోయేవారు. అంతర్జాలంలో రాసిన మాట అటువంటిది కాదు. ఎన్నడో రాసిన మాట, ఎక్కడో పెట్టిన ఫోటో పేరు టైపు చేయగానే కళ్ళముందుకు వస్తాయి.

ఉద్యోగమిచ్చే వారిలో చాలామంది ఈ సౌకర్యాన్ని వాడుకుంటారు. దరఖాస్తు అందగానే అభ్యర్థి పేరును గూగుల్‌లో వెదుకుతారు. అందువల్ల ఒక్కొక్కసారి అభ్యర్థి కంటె ముందుగా అతని పేరే ఇంటర్వ్యూకు చేరుతుంది.

ఇందుకొక ఉదాహరణ ఉంది. భారత సంతతికి చెందిన ఒక అమెరికా పౌరుడు 2009లో మన దేశానికి వచ్చాడు. అప్పుడు అతనిపై మాదకద్రవ్యాల చట్టం కింద కేసు పెట్టారు. 2011లో విచారణ న్యాయస్థానం అతడు నిర్దోషి అని తీర్పు చెప్పింది. 2013లో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును ఖాయపరచింది. అతడు అమెరికాకు తిరిగి వెళ్ళి న్యాయశాస్త్రం చదివాడు. కాని అతని పేరు వెదికినవారికి ఆ తీర్పు ప్రతి కనిపించేది. చదువులో రాణించినా, ఆ కారణంగా ఉద్యోగం దొరకడం కష్టమవుతున్నదని అతడు హైకోర్టుకు మొరపెట్టుకున్నాడు. 2021 ఏప్రిల్‌లో కోర్టు ఆ ప్రతి వెదుకులాటలో కనిపించకుండా చేయాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి హైకోర్టు తీర్పు వచ్చి ఎనిమిదేళ్ళు గడిచాయి. తప్పు చేయనివానికే ఇంత ఇబ్బంది కలిగింది!

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు ధర్మాసనం ప్రకటించింది. తమ వివరాలను సరిదిద్దమని, తొలగించమని అడిగే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో చేర్చారు. అయినా కోర్టుల చుట్టూ తిరగగలవారు కొందరే. కనుక ముందు జాగ్రత్తే మేలు.

విద్యార్థులు అప్పుడప్పుడు తమ పేరును తామే వెదికి చూసుకోవాలి. తగనివి కనబడితే తీసివేయాలి. అయితే తీసివేసేలోగా ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవచ్చు. అందుచేత కోపంలో ఉన్నప్పుడు ఏదీ రాయకపోవడం మంచిది.

రాష్ట్రేతర తెలుగువారు మరొక విషయం గమనించాలి. ఇంటిపేరు ముందు రాసుకోవడం తెలుగువారి వాడుక. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరం రాస్తారు. ఒకే వ్యక్తి పేరు ఒకచోట ఒకలాగ, మరొకచోట ఇంకొకలాగ ఉంటే అతని మంచి పని కూడా వెదికేవారికి దొరకదు. ధ్రువపత్రంలోని పేరునే అంతటా వాడడం ఉత్తమం. ఆ పేరుతో తాము రాసిన వ్యాసాన్నో, గీసిన బొమ్మనో, తయారు చేసిన పరికరాన్నో నలుగురికీ చూపవచ్చు.

తన పేరు వలెనే ఎదుటివారి పేరూ విలువైనదే. నిజమో కాదో తెలియని నిందను పదిమందికి పంపితే, ఎవరో ఒకరి బతుకుతెరువుకు అడ్డు పడినట్లే. ఆ పాపంలో పాలు పంచుకోకపోవడం చదువుకున్నవారి లక్షణం.

అభ్యాసం

1. నిర్దోషి అని తేలిన తరువాత కూడా ఆ యువకునికి ఉద్యోగం దొరకడం ఎందుకు కష్టమైంది?
2. పేరును అంతటా ఒకే విధంగా రాయడం వల్ల ప్రయోజనమేమిటి?
3. ‘తన పేరు వలెనే ఎదుటివారి పేరూ విలువైనదే.’ – ఈ వాక్యాన్ని సమర్థిస్తూ పది పంక్తులు రాయండి.