ఇంటి చేపల తొట్టి: కొలత, సరుకు



చెరువుకు కట్ట ఎట్లో, ఇంటిలో పెంచు చేపలకు తొట్టి అట్లు. కట్ట బలహీనమైనచో చెరువు తెగును. తొట్టి బలహీనమైనచో నీరు ఇల్లంతయు పారి చేపలు చచ్చును. కావున పెద్ద తొట్టి కొనదలచినవారును, పంచాయతీ కార్యాలయములోనో బడిలోనో పెట్టదలచిన గ్రామాధికారులును డబ్బు చెల్లించుటకు ముందే ఈ లెక్కలు చూచుకొనవలెను.

చేపను బట్టి కొలత

చేప నేడున్న పొడవును గాక, పూర్తిగా ఎదిగినప్పటి పొడవును చూడవలెను. అంగడిలో వ్రేలెడుండు సక్కర్ చేప అడుగు దాటి పెరుగును. తొట్టి చాలక దానిని కాలువలలో, చెరువులలో వదలువారు కలరు. ఇది చాల తప్పు. మన జాలరులు దెయ్యపు చేప అనునది ఇదియే. ఇది వలలను చింపును, గట్లలో బొరియలు చేయును, పెంపుడు చేపల మేతకు పోటీ వచ్చును. తొట్టిలో పట్టని చేపను అసలు కొనరాదు.

ఎత్తు వద్దు, వెడల్పు ముద్దు

చేపలు పీల్చు ప్రాణవాయువు నీటి పైభాగమునుండి నీటిలో కలియును. 180 సెం.మీ. పొడవు (సుమారు 6 అడుగులు), 60 సెం.మీ. వెడల్పు గల రెండు తొట్లను తీసికొనుడు. ఒకదాని ఎత్తు 45 సెం.మీ., రెండవదాని ఎత్తు 60 సెం.మీ. నిండా నింపినచో మొదటిదానిలో 486 లీటర్లు, రెండవదానిలో 648 లీటర్లు పట్టును. కాని రెండింటికిని గాలి తగులు పైభాగము ఒక్కటియే.

ఇక ముందు పలకపై నీటి తోపుడు మొదటిదానిలో సుమారు 182 కిలోలు, రెండవదానిలో 324 కిలోలు. ఎత్తు మూడవ వంతు పెరుగగా తోపుడు ముప్పాతిక వంతుకు మించి పెరిగినది. చేయి అడుగునకు అందక శుభ్రము చేయుటయు కష్టమగును. కావున ఎత్తు తగ్గించి వెడల్పు పెంచుట మేలు.

ఏ సరుకు మంచిది?

1. గాజు: గీతలు తేలికగా పడవు, ఏండ్లు గడచినను తేటగా నుండును. కాని బరువు ఎక్కువ, దెబ్బకు పగులును. పైన చెప్పిన పెద్ద తొట్టికి 12 మి.మీ. పలకలు వాడినచో గాజే సుమారు 120 కిలోలు తూగును. అతుకులకు చేపల తొట్లకు పనికివచ్చు సిలికోన్ జిగురునే వాడి, పుల్లని వాసన పూర్తిగా పోవువరకు నీరు పోయరాదు.

2. ఆక్రిలిక్: అదే మందములో గాజు బరువులో సగమే తూగును, దెబ్బకు తట్టుకొనును. కాని గీతలు త్వరగా పడును. పీచుతో తోమరాదు, మెత్తని గుడ్డనే వాడవలెను. పలుచనిదైనచో ఉబ్బును.

3. సిమెంటు: పెరటికి తగినది, చౌక. క్రొత్త తొట్టిలోని సున్నపు ఘాటు చేపలను చంపును. రెండు మూడు వారములు నీరు నింపుచు, పారబోయుచు ఉండి, తరువాతనే చేపలను వదలవలెను.

బరువు మోయు నేల

648 లీటర్ల తొట్టి నీరు, గాజు, ఇసుక, బల్లతో కలిసి 800 కిలోలు దాటును. ఇండ్ల శ్లాబును సాధారణముగా చదరపు మీటరుకు 200 కిలోల బరువునకు లెక్కించి కట్టుదురు. కావున ఇట్టి తొట్టిని మేడపై పెట్టక, గట్టి నేలపైననే పెట్టవలెను. బల్లపై రసమట్టము పెట్టి నాలుగు వైపుల చూచి, గాజు తొట్టి క్రింద థర్మోకోలు పలక పరచవలెను.

నేను మొదటిసారి తొట్టి పెట్టినపుడు రసమట్టము చూడలేదు. నాలుగవనాటి రాత్రి మూల అతుకు వీడినది. తెల్లవారుసరికి గదిలోని విత్తనపు బస్తాలు రెండు తడిసి మొలకకు పనికిరాకపోయినవి. చేపలలో ఒక్కటియు మిగులలేదు. పావుగంట పని మానుటవలన కలిగిన నష్టమది.

మీరట్లు చేయకుడు. క్రొత్త తొట్టిని ముందుగా ఆరుబయట సమమైన చోట నింపి, మూడు దినములు చూచి, చెమ్మ లేదని తేలిన పిమ్మటనే ఇంటిలోనికి తెండు.