ఉదయగిరి గరిటె తెరమీద అడ్డంగా పడుకుందా?

జీఐ గుర్తింపున్న ఉదయగిరి చెక్క గరిటెలను ఆన్‌లైన్‌లో చూపించాలన్నా, 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గాన్ని త్రీడీలో పదిలం చేయాలన్నా ఈ చిట్కాలు అక్కరకొస్తాయి.

1. ముందు ‘పైవైపు’ ఏదో చూసుకోండి. త్రీడీ సాఫ్ట్‌వేర్‌లలో బ్లెండర్, త్రీడీఎస్ మ్యాక్స్, అన్‌రియల్‌లలో జెడ్ అక్షం పైకి ఉంటుంది. మాయా, యూనిటీలలో వై పైకి. నిలువుగా ఉండాల్సిన గరిటె వెల్లకిలా పడిందంటే చాలాసార్లు కారణం ఇదే. ఎక్స్ అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పండి. తలకిందులైతే మైనస్ 90.

2. అసలు చేత్తో తిప్పే పని లేకుండా, బ్లెండర్‌లో ఓబీజే ఫైల్ తెచ్చుకునేటప్పుడే ‘ఫార్వర్డ్’, ‘అప్’ గడులు సరిచేయండి. చేత్తో తిప్పేస్తే కంట్రోల్-ఎ నొక్కి రొటేషన్ అప్లై చేయాలి. లేకపోతే ఎగుమతి చేశాక మళ్లీ పడిపోవచ్చు.

3. అన్నిటికన్నా ప్రమాదం కుడి, ఎడమల తేడా. కుడిచేతి బొటనవేలు ఎక్స్, చూపుడువేలు వై, మధ్యవేలు జెడ్ అనుకుని మూడింటినీ ఒకదానికొకటి లంబంగా చాపండి. బ్లెండర్ లెక్క అది. యూనిటీ, అన్‌రియల్‌లది ఎడమచేతి లెక్క. వై, జెడ్ విలువలను ఊరికే తారుమారు చేస్తే మోడల్ తిరగదు, అద్దంలో బొమ్మైపోతుంది. రెండు పక్కలా ఒకేలా ఉండే గరిటెలో ఇది కనబడదు. శాసనం చెక్కిన రాయైతే అక్షరాలన్నీ తిరగబడి చరిత్రే తప్పుగా నమోదవుతుంది. అందుకే మోడల్ పక్కన ‘ఉ’ అక్షరం ఒకటి పెట్టి పంపండి. అవతల అది ‘ఉ’లాగే కనబడితే సరే. తిరగబడితే అక్కడే ఆపేయండి.

4. ఎస్‌టీఎల్ ఫైల్‌లో కొలత ప్రమాణం ఉండదు. 200 మిల్లీమీటర్ల గరిటె బ్లెండర్‌లో 200 మీటర్లై కూర్చుంటుంది. స్కేల్ 0.001 ఇవ్వండి.

5. ఫోన్ ఫొటోలతో మోడల్ చేసేటప్పుడు వస్తువు పక్కన స్కేలుబద్ద పెట్టండి. ఫొటోల నుంచి మాత్రమే కట్టిన మోడల్‌కు అసలు సైజు తెలియదు.

6. వీలైతే మోడల్‌ను జీఎల్‌టీఎఫ్ ఫైల్‌గా దాచండి. వై పైకి, కుడిచేతి లెక్క, మీటర్లు అని ఆ ప్రమాణంలోనే రాసి ఉంది. ఓబీజే ఆ మాటే చెప్పదు.

7. ఉదయగిరి నుంచి ఆత్మకూరులోని స్నేహితుడికి పంపినా సరే, ఏ అక్షం పైకి, ఏ చేతి లెక్క, ఏ కొలత, ఏ సాఫ్ట్‌వేర్ అన్న నాలుగు ముక్కలు ఫైల్‌తో పాటు రాసి పంపండి.