ఎగిరే పళ్ళాలు : ఫోటో సాక్ష్యానికి విలువ ఎంత?

మా మేనమామది బెల్లంపల్లి. బొగ్గుబాయి పని. ఒక చలికాలం తెల్లవారుజామున మొదటి షిఫ్టుకు పోతూ ఆకాశంలో కదలకుండా నిలబడ్డ తెల్లని వెలుగొకటి చూసి సెల్‌ఫోనుతో ఫోటో తీశాడు. "గిది చుక్క గాదు అల్లుడా. చుక్కయితే నేను గుర్తువట్టనా? ఇన్నేండ్లసంది గీ తొవ్వలనే పోతున్న" అన్నాడు. ఆ ఫోటో బాయి కాడ చేతులు మారి, వాడకట్టు దాటి, వారం తిరిగేసరికి ఊళ్ళో రెండు పక్షాలను తయారుచేసింది. ఎగిరే పళ్ళెమే వచ్చిందని ఒక పక్షం. మామకు రాత్రి తాగిన కల్లు ఇంకా దిగలేదని రెండో పక్షం. రెండో మాట ఆయన్ను బాగా నొప్పించింది. ఆయన కల్లు ముట్టడు.

నేను భౌతికశాస్త్రం చదువుతున్నవాణ్ణి గనుక తీర్పు చెప్పే పని నా నెత్తిన పడింది. ఆ సందర్భంగా నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం.

మనమందరం మొదట అడిగే ప్రశ్న "ఈ ఫోటో నిజమా, దొంగదా?" అని. ఆ ప్రశ్నతోనే తప్పటడుగు పడుతుంది. ఇంగ్లండులో కాటింగ్లీ అనే ఊళ్ళో 1917లో ఇద్దరు ఆడపిల్లలు వాగు ఒడ్డున దేవకన్యలను ఫోటో తీశామన్నారు. నెగెటివును పరీక్షించిన నిపుణుడొకడు దానిలో కల్తీ లేదన్నాడు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ అంతటివాడు నమ్మి పుస్తకమే రాశాడు. ఆ పిల్లలు ముసలివాళ్ళయ్యాక, 1983లో, అవి కాగితం మీద బొమ్మలు గీసి, కత్తిరించి, పిన్నులతో నిలబెట్టినవని ఒప్పుకున్నారు. ఇందులో చమత్కారం గమనించండి: నిపుణుడు చెప్పింది అబద్ధం కాదు. నెగెటివు నిఖార్సయినదే. కెమెరా తన ముందున్న కాగితాన్ని కాగితంగానే తీసింది. ఫోటో నిజమైనంత మాత్రాన అందులోని వస్తువు మనమనుకున్నది కానక్కరలేదు.

ఆకాశం ఫోటోలో ఈ చిక్కు ఇంకా పెద్దది. నేల మీద చెట్టో, మనిషో పక్కన ఉంటే పరిమాణం తెలుస్తుంది. ఆకాశంలో పక్కన ఏముంటుంది? పది అడుగుల దూరంలోని పురుగూ, పది మైళ్ళ దూరంలోని విమానమూ ఫోటోలో ఒకే వెడల్పున పడవచ్చు. ఫోటో మనకిచ్చేది కోణం మాత్రమే. దూరం తెలియనిదే పరిమాణం చెప్పలేం, పరిమాణం తెలియనిదే దూరం చెప్పలేం. "ఇంత పెద్దగుండె" అని చేతులు చాచి చెప్పేవాళ్ళ మాట ఇక్కడ చెల్లదు.

మామ ఫోను తీసుకుని, ఆయన నిలబడ్డ చోటే నిలబడి, వెలుగు తగ్గించి చందమామను తీశాను. చందమామ ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు. అదే మన కొలబద్ద. మామ తీసిన వెలుగు దాదాపు అంత వెడల్పే ఉంది! ఒక్క క్షణం నాకూ గుండె ఝల్లుమంది. తర్వాత మామూలుగా మీట నొక్కి శుక్రుణ్ణి తీశాను. శుక్రుడు ఉబ్బిపోయి చందమామలో సగం వెడల్పున పడ్డాడు. నిజానికి మనకు బాగా దగ్గరగా వచ్చినప్పుడు కూడా శుక్రుడి వెడల్పు చందమామలో సుమారు ముప్పయ్యో వంతే. చీకట్లో ప్రకాశవంతమైన చుక్క ఏదైనా ఫోనులో ఇలా ఉబ్బుతుంది. కనుక వెడల్పు ఆధారం అక్కడే వీగిపోయింది.

మరో అనుమానం కూడా తీర్చుకోవాలి. ఫ్రేములో వీధిదీపం ఉంటే దాని కాంతి కటకాల మధ్య ప్రతిఫలించి, ఫోటో కేంద్రానికి సరిగ్గా అవతలి వైపు, అంతే దూరంలో, దొంగ వెలుగొకటి పుడుతుంది. దీపం నుంచి కేంద్రం గుండా గీత గీస్తే దొరికిపోతుంది. మామ ఫోటోలో దీపం ఉంది గాని లెక్క కుదరలేదు. పైగా ఆయన ముందు కంటితో చూసి తర్వాత ఫోను తీశాడు. "తీసేటప్పుడు ఏమీ కనపడలేదు, ఇంటికొచ్చి చూస్తే కనపడింది" అనేవాళ్ళ ఫోటోలే ఎక్కువగా పురుగులు, పిట్టలు, దొంగ వెలుగులు.

ఫోటోలోని నీడ గడియారం లాంటిది. 1950 మే 11 సాయంత్రం అమెరికాలో మెక్‌మిన్‌విల్ దగ్గర పాల్ ట్రెంట్ అనే రైతు పళ్ళెం వంటి వస్తువును రెండు ఫోటోలు తీశానన్నాడు. కొలరాడో విశ్వవిద్యాలయం వారి కాండన్ కమిటీలో వాటిని పరిశీలించిన హార్ట్‌మన్, వివరాలన్నీ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయంటూనే, కల్పన కాదని మాత్రం తేల్చలేమన్నాడు. తర్వాత విమర్శకులు గారేజీ చూరు కింద నీడలను చూసి, ఇది పొద్దటి ఎండలా ఉంది, సాయంత్రపుది కాదన్నారు. వాదం ఇంకా తెగలేదు. వస్తువును గురించి కాదు, గోడ మీది నీడను గురించి అన్నేళ్ళు వాదించుకున్నారన్నది నాకు నచ్చిన సంగతి.

ఇక మా ఊరి సంగతి. హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడ వదిలే పలుచని పాలిథీన్ బెలూన్లు 50 నుంచి 85 మీటర్ల వ్యాసంతో 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. 2022 డిసెంబరులో అక్కడ నుంచే వదిలిన స్పెయిన్ కంపెనీ వారి పరీక్షా పేటిక వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో దిగితే జనం విరగబడ్డారు. బెల్లంపల్లి హైదరాబాదుకు గాలిదారిన సుమారు 200 కిలోమీటర్లు. హైదరాబాదు మీద 35 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన బెలూను మనకు నైరుతి–దక్షిణాల మధ్య, చాచిన చేతి పిడికిలంత ఎత్తున కనపడాలి. అంత ఎత్తులో సూర్యకాంతి నేలకంటే సుమారు 25 నిమిషాల ముందే తగులుతుంది. కింద చీకటి, పైన తెల్లని వెలుగు. మామ షిఫ్టుకు పోయే వేళ అదే. ఫోటోలో దీపస్తంభాన్ని బట్టి చూస్తే దిక్కూ అదే.

మరి తేలిపోయినట్టేనా? కాదు. తేదీ కావాలి. ఫోను నిండిందని మామ అసలు ఫోటో తీసేశాడు. వాట్సాప్‌లో చేతులు మారిన నకలుకు తీసిన వేళ, వివరాలు ఉండవు. "దసరా పోయినంక" అంటాడు మామ. మస్టరు చూస్తే ఏ వారాలు మొదటి షిఫ్టో తెలుస్తుంది గాని, రోజు తెలియదు. రోజు తెలియనిదే ఆనాడు బెలూను వదిలారో లేదో సరిచూడలేం.

తేదీ, వేళ, చోటు ఉంటే ఏమవుతుందో మన పక్క జిల్లాలోనే చూశాం. 2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్‌లలో జనం నిప్పుల వరుసను ఫోన్లలో పట్టారు. ఉల్కలన్నారు. ఉల్క అయితే సాధారణంగా రెప్పపాటులో పోతుంది, ఇది తాపీగా ఆకాశం దాటింది. వేర్వేరు ఊళ్ళవాళ్ళు ఒకే వేళకు తీసినవి గనుక దారి తెలిసింది. అది చైనా రాకెట్టు శకలమని అంతరిక్ష పరిశీలకులు లెక్కగట్టారు. చంద్రపూర్ జిల్లా లాడ్‌బోరిలో మూడు మీటర్ల లోహపు చట్రం పడింది కూడా. విడివిడిగా ఆ వీడియోలలో ఒక్కటీ మామ ఫోటోకంటే గొప్పది కాదు.

నా తీర్పు మామకు ఇలా చెప్పాను: నువ్వు చూసింది నిజం, తీసింది నిజం. బెలూను కావచ్చు, రుజువు లేదు. పళ్ళెం అనడానికి అసలే లేదు.

"అయితే నేను అబద్ధమాడలేదని రాస్తవా?"

"రాస్త మామా."

రెండు ఫోటోలు తియ్యమని కూడా చెప్పాను. ఒకటి దీపస్తంభం పట్టుకుని, ఇంకొకటి వంద అడుగులు పక్కకు నడిచాక. వస్తువు దగ్గరిదైతే వెనకనున్న చుక్కల మీదుగా జరుగుతుంది, దూరానిదైతే జరగదు. మొన్న రెండు పంపాడు, వేళ కూడా రాసి. రెండూ శుక్రుడివే.