వేరుశెనగ కాండపు కుళ్ళుతెగులు: వానలు, వరపులు

2000వ సంవత్సరపు ఖరీఫునందు అనంతపురము జిల్లాలో రమారమి 2,25,000 హెక్టార్ల వేరుశెనగ పైరు కాండపు కుళ్ళుతెగులు పాలయ్యెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించెను. తెగులు సోకిన మొక్కలందు మొదట లేతాకులపై గోధుమవన్నె మచ్చలు కానవచ్చును. పిదప తొడిమలును, కాండమును నల్లబడి మొవ్వ మాడిపోవును. మొలచిన నెల దినములలోపల తెగులు తగిలిన మొక్క సామాన్యముగా బ్రదుకదు.

దీనికి కారణము టొబాకో స్ట్రీక్ వైరస్. ఇది వయ్యారిభామ కలుపునందు నిలువయుండును. ఆ కలుపుపై తెగులు గుర్తు లేమియు కనబడవు గాని, దాని పుప్పొడిలో వైరస్ ఉండును. పూలలో తిరుగు తామరపురుగుల మేనికి ఆ పుప్పొడి యంటుకొనును. అవి వేరుశెనగ లేతాకులను గీకి రసము పీల్చునపుడు, ఆ గాయముల ద్వారా వైరస్ పైరులో ప్రవేశించును.

వానయు వరపును రెండును ఈ తెగులునకు తోడ్పడును. తొలకరికి మొలచిన వయ్యారిభామ 4 మొదలు 6 వారములలో పూయును. రోహిణి కార్తె వానకు మొలచినది ఆర్ద్ర, పునర్వసు కార్తెలనాటికి పూతకు వచ్చును. అప్పటికి వేరుశెనగ లేతపైరుగా నుండును. అంతట వరపు పట్టెనేని తామరపురుగులు త్వరగా వృద్ధిచెందును. గాలి వానిని, పుప్పొడిని చేనినుండి చేనికి మోయును. గట్టి వాన కురిసినచో పురుగులు చాలవరకు కొట్టుకొనిపోవును. కావున తొలకరి ముందుగా వచ్చి, నడుమ వాన వెనుకదీసిన యేడు రైతులు మిక్కిలి జాగరూకులై యుండవలెను.

వానను రప్పించుట రైతు చేతిలోని పని కాదు. కలుపును పూయనీయకుండుట అతని చేతిలోనిదే.

1. తొలకరి పడిన 3 వారములలోపల, నేల పదునుగా నున్నప్పుడే, గట్లమీదను, బాటల ప్రక్కలను, బీళ్ళలోను గల వయ్యారిభామను వేళ్ళతో పెరికివేయవలెను. దురద కలుగును గావున చేతులకు గుడ్డ చుట్టుకొనవలెను.

2. విత్తునపుడే చేని చుట్టును జొన్నగాని సజ్జగాని 7 మొదలు 11 సాళ్ళు వేయవలెను. గాలితో వచ్చు పురుగులను ఇవి అడ్డగించును.

3. పైరు పలుచన కాకుండ తగినంత విత్తనము వేయవలెను. పొద్దుతిరుగుడును వేరుశెనగ ప్రక్కన వేయరాదు.

4. తెగులు సోకిన వేరుశెనగ మొక్కలను పెరికినందువలన లాభము లేదు. వేరుశెనగనుండి వేరుశెనగకు ఈ తెగులు ప్రాకదు. ఆ కూలిని గట్లమీది కలుపునకు వినియోగించుట మేలు.

ఒక రైతు తన గట్టును శుభ్రపరచి, ప్రక్కరైతు విడిచినచో, ఆ గట్టు పుప్పొడి గాలివెంట మరల వచ్చును. కావున గ్రామములోని రైతులందరును కూడి, ఒక్క వారములోనే ఈ పని ముగించుకొనవలెను.