కోళ్ళ బరి నుంచి విమానం దాకా

విమాన చోదకుడు కూర్చునే చోటును ‘కాక్‌పిట్’ అంటారు. ‘కాక్’ అంటే కోడిపుంజు, ‘పిట్’ అంటే గొయ్యి. ఆకాశంలో ఎగిరే యంత్రంలోకి పుంజు ఎలా వచ్చింది? గొయ్యి ఎక్కడిది? మాటను రెండు ముక్కలు చేసి చూస్తే జవాబు దొరకదు. దాని వెంట మూడు శతాబ్దాలు నడవాలి.

సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో పుంజుల్ని దింపే బరి చూసినవారికి మొదటి మెట్టు సులువే. ఇంగ్లండులోనూ అలాంటి బరులుండేవి. 16వ శతాబ్దం చివర్లో వాటికి ‘కాక్‌పిట్’ అనే పేరు కనిపిస్తుంది. 1599 నాటి ‘ఐదవ హెన్రీ’ నాటకంలో షేక్స్‌పియర్ తన నాటకశాలనే ఆ మాటతో పిలిచాడు. ఇరుకు చోటు, చుట్టూ జనం - అదీ పోలిక.

1700 ప్రాంతంలో ఈ మాట యుద్ధనౌక ఎక్కింది. కింది అంతస్తులో వెలుతురు చొరని ఇరుకు భాగానికి ఆ పేరు పెట్టారు. మామూలు రోజుల్లో అది చిన్న అధికారుల బస. యుద్ధం వస్తే గాయపడినవాళ్ళను అక్కడికే దింపేవారు. 1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ప్రాణం విడిచింది ‘విక్టరీ’ నౌక కాక్‌పిట్‌లోనే. తర్వాత చిన్న పడవల్లో చుక్కాని పట్టేవాడు కూర్చునే పల్లపు చోటుకూ ఇదే పేరు వచ్చింది. తొలినాటి విమానాలకు పైకప్పు లేదు. చోదకుడు తల, భుజాలు బయటికి కనిపించేలా గుంటలో కూర్చునేవాడు. 1914 నాటికి ఆ గుంట కూడా కాక్‌పిట్ అయింది.

పడవ నడిపేవాణ్ణి ‘కాక్స్‌వెయిన్’ అంటారు కాబట్టి మాట అక్కడే పుట్టిందని కొందరంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ నౌక ఎక్కడానికి వందేళ్ళకు పైగా ముందే ఈ మాట కోళ్ళ బరిలో ఉంది. అందుచేత నేను ఆ వాదాన్ని ఒప్పుకోను. మాటల పుట్టుక విషయంలో పోలిక కంటే తేదీ గట్టి సాక్షి.

1835లో ఇంగ్లండులో కోడిపందేలను చట్టం నిషేధించింది. బరి పోయింది, పేరు మిగిలింది. మన ‘విమానం’ మాత్రం తక్కువదా? పురాణాల్లో దేవతలెక్కేదీ విమానమే, తిరుమల గర్భగుడి మీది ఆనందనిలయమూ విమానమే, టిక్కెట్టు కొని మనమెక్కేదీ విమానమే!

విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. అనువాదానికి కూర్చున్నప్పుడు మాటను విరగ్గొట్టి ముక్కకో తెలుగు అతికించకండి. ‘కోడిగుంట’లో కూర్చుని ఎవరూ విమానం నడపలేరు. ముందు ఆ మాట ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో కనుక్కోండి, తర్వాత కలం పట్టండి.